నూకరాజు ఇక లేడు

"మిగిలిన అయిదుగుర్నీ జాగర్తగా సూసుకోవే."

"నానేటి సూత్తాను. నాకు సదువొచ్చా ఏటి."

"రాకపోడమే మంచిది. ముట్టుకోవు గదా."

"ముట్టనులే. ఎల్లిరా."

నాకూ మా ఆయనకీ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. ఆయన గడప అవతల నిలబడి అడిగాడు. నేను చేపల గంప కడుగుతూ తలెత్తకుండా జవాబు చెప్పాను. అందులో నేనన్నవి రెండు మాటలు, రెండూ అబద్ధాలే. చదువు రాదన్నది ఒకటి. ముట్టనన్నది ఇంకొకటి. అప్పటికే ముట్టుకున్నాను. ముట్టుకుని ఒకణ్ణి చంపేశాను కూడా. ఎనిమిదేళ్ళుగా ఆ రెండు అబద్ధాలూ నా గుండెల మీద కూర్చునే ఉన్నాయి. గంప దింపుకున్నాను గానీ వాటిని దింపుకోలేకపోయాను.

ఇది రాస్తున్నది గౌరి. మా ఆయన అక్క కూతురు. నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు గానీ రాయడం రాదు. నేను చెబుతున్నాను, తను రాస్తోంది. నా మాటల్ని పుస్తకాల్లో ఉండేలా మార్చుకుంటోంది, మార్చుకోనీ. మేము ఒకరితో ఒకరం అనుకున్న మాటలు మాత్రం నోట్లోంచి వచ్చినట్టే ఉంచమన్నాను. నా పేరు వద్దన్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియని వాళ్ళకైతే చెప్పగలను అనుకున్నాను. కానీ ఇప్పుడు ఎదురుగా కూర్చుని వింటున్నది గౌరే. ఏ పిల్లకి తెలుస్తుందని ఇన్నేళ్ళూ భయపడ్డానో ఆ పిల్ల చేతికే పెన్ను ఇచ్చాను. అది ధైర్యమా, పారిపోయే దారి నాకు నేనే మూసుకోవడమా?

గౌరీ, మధ్యలో ఆపకు. ఏం వచ్చినా రాయి. ఆ తర్వాత నీ ఇష్టం.

ముందు ఆ ఆట సంగతి చెప్పాలి. అది పాత ఆటేనట, ఎక్కడో బయట దేశంలో చేసింది. గడ్డిలో నడుస్తుంటే వింత జీవాలు ఎదురొస్తాయి. వాటిని పట్టుకోవాలి, పేర్లు పెట్టుకోవాలి, పెంచాలి, వేరే జీవాలతో పోట్లాడించాలి. అలాంటి ఆటని ఇష్టపడ్డ వాళ్ళు దాన్ని లోపలికంటా విప్పి, తమకి నచ్చినట్టు మార్చుకుంటారట. గౌరి డిప్లొమా చదువుతున్న రోజుల్లో అదే చేసింది. గడ్డి తీసేసి సముద్రం పెట్టింది. ఊళ్ళు తీసేసి మా ఫిషింగ్ హార్బర్, యారాడ కొండ, పరవాడ ఫ్యాక్టరీల పొగ గొట్టాలు పెట్టింది. అందులోని జీవాలన్నీ పీతలు, సొరలు, నత్తలు, రొయ్యలు. మాటలన్నీ తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాల్లో. అయిదో తరగతి దాకా చదివిన మావయ్య ఆడుకోవాలని అంత పనీ చేసి, ఆయన ఫోనులో ఎక్కించింది.

ఆయన బోటు డ్రైవరు. ఒకసారి చేపల వేటకి వెళితే పదిహేను రోజులు. బోటు మీద ఆయన కింద ఆరుగురు పనివాళ్ళు. ఆటలో కూడా ఒక్కసారికి ఆరు జీవాలనే వెంట ఉంచుకోవచ్చు. అది చూడగానే ఆయనకి ఎంత సంబరమో. ఆరింటికీ తన బోటు మనుషుల పేర్లే పెట్టాడు. వంట చేసే ముసలాయన పేరు నత్తకి పెట్టాడు, ఎందుకంటే బోటు మీద కూర ఎప్పుడూ ఆలస్యమే. నూకరాజు పేరు పీతకి పెట్టాడు. నూకరాజు నా తమ్ముడు. పదిహేను రోజులు నీళ్ళ మీద ఉండి ఒడ్డుకి దిగితే మావాడి కాళ్ళు నేల మీద నిలవవు, పక్కకి పక్కకి నడుస్తాడు. ఆ పీతని చూసి వాడేం కోపం తెచ్చుకోలేదు. "బావా, నన్ను పీతని సేసినావు, బాగుంది. మరి పెళ్ళాన్ని కూడా అందులోనే సూసిపెట్టు," అన్నాడు. ఆయన నవ్వి నవ్వి దగ్గొచ్చి కూలబడ్డాడు.

పాత ఆటలో పోట్లాటలో పడిపోయిన జీవాన్ని ఆసుపత్రికి తీసుకెళితే మళ్ళీ లేచేదట. గౌరి దాన్ని మా ఊరి సీతమ్మధార క్లినిక్కుగా మార్చింది. అది చూసి ఆయన ఒప్పుకోలేదు. "సంద్రంలో పోయినోడు ఆస్పత్రికెల్తే లేత్తాడేటే గౌరీ. ఇది అబద్దం ఆట," అన్నాడు. ఆయన మాట మీద గౌరి మళ్ళీ కూర్చుని మార్చింది. దెబ్బలు తగిలితే క్లినిక్కులో మానుతాయి. పోయినవాడు మాత్రం పోయినట్టే. ఇంకొకటి కూడా చేసింది. ఎవరైనా పోగానే ఆట దానంతటదే ఆ సంగతి రాసి దాచుకుంటుంది. ఫోను ఆపేసి మళ్ళీ వెలిగించినా లాభం లేదు. మావయ్యని దొంగాట ఆడనివ్వనని నవ్వుతూ చెప్పింది.

ఆ ఆట ఆయనకి మెల్లమెల్లగా ఆటలా మిగల్లేదు. వేటకి వెళ్ళే వాళ్ళకి శకునాలు ఉంటాయి కదా. ఒకరికి ఎదురొచ్చే మనిషి, ఇంకొకరికి కాకి. ఈయనకి ఈ ఫోను శకునమైంది. బోటు కదిలే రోజు పొద్దున్నే ఫోను తెరిచి ఆరుగురి పేర్లూ పైకి చదివేవాడు. అందరూ ఉన్నారు అనుకుని, గంగమ్మ పటం కింద గూట్లో ఫోను పెట్టి, బటన్ల ఫోను ఒకటి జేబులో వేసుకుని వెళ్ళేవాడు. తిరిగొచ్చాక స్నానం కంటే ముందు మళ్ళీ తెరిచి చదివేవాడు. ఆయన లేనప్పుడు ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఆయన కింద మనుషుల్ని ఆయన మాత్రమే పోట్లాటకి దింపాలి.

ఇంట్లో ఉన్న రోజుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆడేవాడు. అక్షరాల మీద వేలు పెట్టి చదివి చెప్పేవాడు. నేను చిన్నప్పుడు రెండేళ్ళు బడికి వెళ్ళి మరిచిపోయినదాన్ని. ఆ వేలు వెంట చూస్తూ చూస్తూ నాకు అక్షరాలు తిరిగొచ్చాయి. నేను మొదట చదివిన మాట నా తమ్ముడి పేరే. తర్వాత దాడి. తర్వాత వెనక్కి. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు. చెబితే ఇంక పక్కన కూర్చుని చదివి వినిపించడేమోనని. ఎంత చిన్న కారణమో చూడండి. మొగుడు ఇంకాసేపు పక్కన కూర్చుంటాడన్న ఆశ. అక్కణ్ణుంచే మొదలైంది అంతా.

ఆయన వేటకి వెళ్ళినప్పుడు పొద్దున్న గంప అమ్ముకుని వచ్చేసరికి మధ్యాహ్నం అయ్యేది. ఓడరేవు నుంచి ఎగిరొచ్చి గడప మీద పడిన బొగ్గు దుమ్ము ఊడ్చి, తలుపు దగ్గరికి వేసి, ఫ్యాను కింద కూర్చుంటే ఇల్లంతా ఖాళీగా ఉండేది. మాకు పిల్లలు లేరు. ఒకరోజు గూట్లోంచి ఫోను తీశాను. ఊరికే పేర్లు చదువుదామనే తీశాను. ఆరు పేర్లూ చదివాను. బోటు మీదున్న వాళ్ళందర్నీ పలకరించినట్టు అనిపించింది. మర్నాడు కూడా తీశాను. మూడో రోజు ఆట మొదలుపెట్టాను. చాలా వేటల పాటు ఇలాగే ఆడాను. నెమ్మదిగా, భయంభయంగా, చిన్న చిన్న పోట్లాటలే ఆడేదాన్ని. ఆయనకి అనుమానం రాలేదు.

ఆటలో పరవాడ దగ్గర గొట్టాల్లోంచి పొగ భూతం ఒకటి దిగుతుంది. దాన్ని గెలిస్తే గానీ ముందుకి దారి లేదు. ఆయన నెలల తరబడి దాని జోలికి పోలేదు. మనుషులు పోతారని భయం. నేను గెలుద్దామనుకున్నాను. గెలిచి, ఆయన వచ్చాక చూపించి, నాకు చదువు వచ్చేసిందని కూడా అప్పుడే చెబుదామనుకున్నాను. ఇది నిజమేనా? నిజమే. కానీ ఇంకో నిజం కూడా ఉంది. ఆయన భయపడిన దాన్ని నేను గెలవాలనే పొగరు కూడా ఉంది.

పీతని దింపాను. పొగ సగం తగ్గింది. పీతకి ప్రాణం కొద్దిగానే మిగిలింది. దాడి, వెనక్కి, రెండు మాటలూ కళ్ళ ముందే ఉన్నాయి. రెండూ నాకు చదవడం వచ్చు. అక్షరాలు తెలియక పొరపాటున నొక్కానని ఎవరికీ చెప్పుకునే వీల్లేదు. ఇంకొక్క దెబ్బ తట్టుకుంటాడనుకుని, దాడి నొక్కాను.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. నూకరాజు ఇక లేడు.

నా బతుకులో ఎవరి వేలూ లేకుండా నాకు నేను చదువుకున్న మొదటి వాక్యం అది.

ఫోను ఆపేశాను. మళ్ళీ వెలిగించాను. అయిదుగురే. మళ్ళీ ఆపాను. అయిదుగురే. గౌరి చెప్పింది గుర్తుంది, అయినా నాలుగైదు సార్లు చేశాను. నా తమ్ముడు అప్పుడు నిజంగా సముద్రం మీద ఉన్నాడు. బోటు ఒడ్డుకి రావడానికి ఇంకా ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. బోటు వచ్చి నూకరాజు పక్కకి పక్కకి నడుచుకుంటూ దిగుతుంటే చూసి, అక్కడే హార్బర్‌లో కూలబడి ఏడ్చాను. మా ఆయన, తమ్ముడు, ఇద్దరూ నన్ను చూసి వేళాకోళం చేశారు.

ఇంటికొచ్చి, స్నానం కంటే ముందు ఫోను తెరిచాడు. పేర్లు చదవడం మొదలుపెట్టాడు. అయిదో పేరు దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. నన్ను అడిగాడు, ఎవరు తీశారని. ఎవరూ తీయలేదన్నాను. గూట్లోంచి కదల్లేదన్నాను. దానంతటదే పోయి ఉంటుందన్నాను.

ఈ చోట నేను రోజూ ఆగుతాను. ఎనిమిదేళ్ళలో ఆగని రోజు లేదు. నేనే ఆడాను, ఓడిపోయాను అని ఉంటే ఏమయ్యేది? తిట్టేవాడు. ఒకటి కొట్టేవాడేమో, కొట్టే మనిషి కూడా కాదు. రెండు రోజులు మాట్లాడేవాడు కాదు. అంతే. పెళ్ళానికి ఆట చేతకాక పీత పోయింది, దానికి అర్థం ఏమీ ఉండేది కాదు. దానంతటదే పోయింది అన్నాను కాబట్టి అది శకునం అయింది. ఆ శకునం సముద్రం పుట్టించింది కాదు, దేవుడు పుట్టించింది కాదు. నా నోట్లోంచి పుట్టింది.

ఆయన గౌరి వాళ్ళింటికి వెళ్ళాడు. మనుషుల్ని తనంతట తనే మింగే ఆట చేశావేమిటని కేకలేశాడట. ఆ పిల్లని ఒక మాట ఎప్పుడూ అనని మనిషి. ఆయన ఫోను చేతికివ్వలేదు, గౌరి రెండు రోజులు తన కంప్యూటర్ ముందు కూర్చునే వెతికింది. తప్పు దొరకలేదు. దొరకదు కదా. లేని తప్పు ఎక్కడ దొరుకుతుంది?

తర్వాతి వేటకి నూకరాజుని తీసుకెళ్ళనన్నాడు. శకునం వాడి మీద పడింది, ఈ ఒక్క వేటా ఒడ్డునే ఉండనీ, వాడి పని నేను చూసుకుంటానన్నాడు. నీ తమ్ముడు కాబట్టే ఇంత ఆలోచిస్తున్నానని కూడా అన్నాడు. అప్పుడు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆ పీతని చంపింది నేనేనని తెలిసి కూడా నాకు భయం వేసింది. ఏమో, తమ్ముడు ఒడ్డున ఉంటేనే మంచిదేమో అనిపించింది. ఒకడు ఆగాడంటే వాడి చోటికి ఇంకొకడు వెళ్ళాలి కదా, ఆ ఇంకొకడు తనేనని ఆయనే చెప్పాడు కదా, దాని అర్థం నాకు తట్టలేదా? నిజంగా తట్టలేదా? తమ్ముణ్ణి దాచుకుని మొగుణ్ణి పంపించానా? అనుకుని చేయలేదు. అనుకోకుండా చేసినదానికి తక్కువ భయపడాలా? భయం అలా లెక్కచూసుకుని రాదు.

నూకరాజు పని ఏమిటో మీకు చెప్పలేదు. వల గానీ తాడు గానీ బోటుని నడిపే అడుగు ఫ్యానుకి చుట్టుకుంటే, ఇంజను ఆపి, ఒక మనిషి కత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగి కోసి రావాలి. మావాడికి ఊపిరి ఎక్కువ. ఎప్పుడూ వాడే దిగేవాడు. మా ఆయనకి మెట్లెక్కితేనే ఆయాసం.

వెళ్ళిన తొమ్మిదో రోజున వల చుట్టుకుంది. ఆయనే దిగాడు. రెండుసార్లు పైకొచ్చి గాలి పీల్చుకున్నాడట. సగం కోశానని చెప్పాడట. మూడోసారి దిగి పైకి రాలేదు. మిగిలిన వాళ్ళు తాడు కట్టుకుని దిగి పైకి తీశారు. ఒడ్డు చేరడానికి రోజున్నర పడుతుంది. చేపలకని తీసుకెళ్ళిన ఐసులోనే పెట్టి తెచ్చారు. నేను చేపలమ్ముకునే మనిషిని, రోజూ ఐసులో చెయ్యి పెట్టాలి. ఇప్పటికీ పెడుతున్నాను. పెట్టిన ప్రతిసారీ నా వేళ్ళకి ఆయన భుజం తగిలినట్టే ఉంటుంది.

నూకరాజు మళ్ళీ సముద్రం ముఖం చూడలేదు. అచ్యుతాపురంలో ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. బావ నా బదులు పోయాడని తాగినప్పుడల్లా ఏడుస్తాడు. ఏటా ఆయన పోయిన రోజు వచ్చిందంటే చాలు, వచ్చి నా కాళ్ళు పట్టుకుంటాడు. నేను పట్టనిస్తాను.

ఇదంతా ఒక ఎత్తు. అసలు తప్పు ఇంకా చెప్పలేదు. గౌరీ, ఆగకు. అక్షరం పాడైతే పాడవనీ, రాయి.

పదకొండో రోజు కార్యం అయ్యాక, చుట్టాలందరూ వెళ్ళిపోయాక, ఈ పిల్ల నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. మొహం కట్టెలా ఉంది. "అత్తా, నా ఆటలోనే ఎక్కడో తప్పుంది. నాకు దొరకనేదు. నా వల్లే మావయ్య దిగినాడు," అంది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? తల నిమిరాను. పోనీలే అమ్మా, నువ్వు కావాలని చేశావా, నీ మీద నాకేం కోపం లేదు అన్నాను. నేను చేసిన దానికి నేను ఆ పిల్లని క్షమించాను. ఆ పిల్ల నా ఒళ్ళో పడి అప్పుడు ఏడ్చింది. నేనెంత మంచిదాన్నో అని వాళ్ళమ్మ పదిమందితో చెప్పుకుంది. మొగుణ్ణి పోగొట్టుకుని కూడా ఆ పిల్లని ఒక్క మాట అనలేదని వీధంతా నన్ను గౌరవంగా చూసింది. ఎనిమిదేళ్ళు ఆ గౌరవం తిని బతికాను.

గౌరి మళ్ళీ ఏ ఆటా చేయలేదు. చేసినవన్నీ చెరిపేసింది. ఇప్పుడు పరవాడలో మందుల కంపెనీలో కంప్యూటర్ పనే చేస్తోంది. చేసిన ప్రతి పనినీ పదిసార్లు చూసుకుంటుంది. ఇంటికొచ్చాక కూడా, అక్కడ ఏదో తప్పు వదిలేసి వచ్చానని లేచి మళ్ళీ చూస్తుంది. వాళ్ళాయనకి అర్థం కాదు. నాకు అర్థమవుతుంది. అర్థమయ్యీ ఊరుకున్నాను.

ఇవాళే ఎందుకు చెబుతున్నాను? మనసు మారి కాదు. ఆ గొప్పతనం నాకు వద్దు. పోయిన ఆదివారం గౌరి పాత రకం ఛార్జరు ఒకటి ఎక్కణ్ణుంచో సంపాదించి తెచ్చింది. అత్తా, మావయ్య ఫోను ఒక్కసారి వెలిగించి చూస్తాను, తప్పు ఎక్కడుందో ఇప్పుడైతే నాకు దొరుకుతుంది, అది దొరికితే నిద్ర పడుతుంది అంది. ఏ రోజు ఎంతసేపు ఆడారో ఆట లోపల రాసి ఉంటుందట. ఆ ఆఖరి పోట్లాట జరిగిన రోజు కూడా ఉంటుందట. ఆ రోజు మావయ్య సముద్రం మీద ఉన్నాడు కదా. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే కదా.

ఇవాళ రమ్మని ఆ రోజుకి పంపించేసి, ఫోను దాచేద్దామనుకున్నాను. ఐసు నీళ్ళలో పడేసి, జారిపోయిందని చెబుదామనుకున్నాను. గూటి దాకా వెళ్ళాను. చేత్తో తీశాను కూడా. అంటే ఇంకో అబద్ధానికి కూడా నేను సిద్ధమే. అది చూసుకుని నాకు నా మీదే భయం వేసింది. ఆయన చచ్చిపోయాక కూడా ఆయన మనుషుల్ని నీళ్ళలో ముంచబోయాను. ఆ అయిదుగురూ అందులో ఇంకా బతికే ఉన్నారు. సొర ఉంది, నత్త ఉంది. వాళ్ళని జాగ్రత్తగా చూసుకోమనే కదా ఆయన వెళుతూ చెప్పింది.

అందుకని గౌరిని, ఫోను తర్వాత చూద్దువు గానీ ముందు నాకొకటి రాసిపెట్టు అన్నాను. నవ్వుతూ కూర్చుంది. అర్జీ ఏదైనా అనుకుంది. మొదటి నాలుగు మాటలు చెప్పినప్పుడు నవ్వు పోయింది. పీత దగ్గరికి వచ్చేసరికి నన్ను చూడడం మానేసింది. అప్పటినుంచీ కాగితాన్నే చూస్తోంది. ఫోను మా ఇద్దరి మధ్యా చాప మీద ఉంది, ఛార్జింగు ఎక్కుతోంది.

గౌరీ, నన్ను క్షమించమని అడగడం లేదు. ఆ మాట మీద నాకు నమ్మకం పోయింది. ఒకసారి నేను క్షమించి చూశాను కదా, అదెంత మోసమో నాకు తెలుసు. నువ్వు లేచి వెళ్ళిపోతే వెళ్ళు. మీ అమ్మకి చెప్పు, నూకరాజుకి చెప్పు, వీధికి చెప్పు. గంప ఎత్తుకుని నడిచినన్నాళ్ళు నడుస్తాను. ఒక్కటి మాత్రం నీకు తెలియాలి. నీ ఆటలో తప్పు లేదు. నువ్వు పెట్టినవి పెట్టినట్టే పనిచేశాయి. నూకరాజు పోయాడని అది నిజమే చెప్పింది. అబద్ధం చెప్పింది నేను.

భయం పోలేదు. పోతుందనుకున్నాను. కానీ ఇన్నాళ్ళూ లోపల ఉన్నది ఇప్పుడు కాగితం మీద ఉంది. అంత వరకూ ఊపిరి ఆడుతోంది.

అయిపోయింది. ఇంక పెన్ను కింద పెట్టు గౌరీ. నా వైపు చూడక్కర్లేదు. మొదటినుంచి ఒక్కసారి చదివి వినిపించు. నాకు చదవడం వచ్చు, ఆ సంగతి నువ్విప్పుడే రాశావు. అయినా ఇదంతా నీ గొంతులోనే వినాలి. ఆ నల్లటి తెర మీద అక్షరాలు వచ్చిన చోట ఆగకు. పైకే చదువు.